మన తెల్లని యన్నపుకథ

తెలుగింట నతిథికి విస్తరి వేసినపుడు గృహిణి మొదట చూచుకొనునది యన్నపు తెలుపు. కూర కొంచెము రుచి తప్పినను మన్నింతురు. చారులో నుప్పు తగ్గినచో అడిగి వేయించుకొందురు. అన్నము మాత్రము మల్లెమొగ్గలవలె తెల్లగా, మెతుకునకు మెతుకంటక యుండవలెను. ముతకబియ్యపుటన్నము వడ్డించిన పెండ్లి పదియేండ్ల వఱకు వియ్యాలవారి నోట నానును. ఈ తెలుపును మనము శుచికి, సంపదకు, మర్యాదకు గుర్తుగా నెంచుకొంటిమి. రాజుల చరిత్రలు వ్రాసినవారు కలరు. కవుల చరిత్రలు వ్రాసినవారు కలరు. మన విస్తరిలోని తెలుపునకును చరిత్ర యొకటి కలదనియు, అందు స్త్రీల చేతుల కాయలును పసిబిడ్డల ప్రాణములును చేరియున్నవనియు తలచువారు తక్కువ. ఆ కథనే యిచట చెప్పబూనితిమి.

మొట్టమొదట నొక భ్రమను తొలగించుకొనవలెను. తెలుగువాడు అనాదిగా వరియన్నము తినువాడని మనము తఱచు చెప్పుకొందుము. ఇది సగము నిజము. నదుల యొడ్డునను చెఱువుల క్రిందను నున్నవారు వరి తినిరి. మెట్టనేలలవారు జొన్న, సజ్జ, రాగి, కొఱ్ఱ, ఆరికె తినిరి. పదునైదవ శతాబ్దివాడైన శ్రీనాథుడు పల్నాటికి పోయి, అచట ఎంతటివానికైనను జొన్నకూడే గతియని విసుగుకొనినట్లు ఆయన పేర వ్యాపించిన చాటువులు చెప్పుచున్నవి. రాజాస్థానములలో సన్నబియ్యమునకు మరగిన కవికి జొన్న రుచింపకపోవుట వింత కాదు. పల్నాటివీరులు పోరాడినది ఆ జొన్నకూటి బలముతోనే గదా యని మాకు తోచును. కాని కవికి తిరుగుచెప్పుట మా పని కాదు.

తరువాతి శతాబ్దిలో శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు భాగవతులకు పెట్టిన భోజనమును ఋతువుల ననుసరించి వర్ణించెను. వానకాలపు విందులో కలమాన్నము, ఒలిచిన పప్పు, నాలుగైదు కూరలు, వరుగులు, వడియములు, పెరుగు, నేయి కలవు. ఈ పట్టికవద్ద కొంచెము నిలువవలెను. అన్నము మేలిరకపుదే, కాని దానిచుట్టు పప్పును కూరలును పెరుగును నున్నవి. అన్నములో లేనిదానిని పూరించు పదార్థములు ఆ విస్తరిలోనే యున్నవి. అది కలవారి విస్తరి. లేనివాడు ఆ తెలుపును మాత్రమే యనుకరించి, చుట్టునున్నవానిని సంపాదింపజాలనినాడు ఏమి జరుగునో మున్ముందు చూతము.

మన భాషయే యీ భేదమును పట్టి చూపుచున్నది. జొన్నన్నము, కొఱ్ఱన్నము అని చెప్పవలసినపుడు ధాన్యము పేరు ముందు చేర్చుదుము. వట్టి అన్నమన్నచో వరిదే. మెట్టసీమలలో మాత్రము వరియన్నమని ప్రత్యేకముగా ననెడివారు. అది యచట పండుగనాటి వంట. గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, కృష్ణపై బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియైన తరువాత కాలువల క్రింద లక్షల యెకరములు వరిపొలములైనవి. పండుగనాటి వంట డెల్టా గ్రామములలో నిత్యపు వంటయైనది. దీనిని మేము కీడని చెప్పము. కఱవుల నెఱిగినవారికి ఆ కాలువనీటి విలువ తెలియును. ఐతే ధాన్యము పెరిగిన కొలది, తెల్లన్నము తినువాడు గొప్పవాడు, సంగటి తినువాడు తక్కువవాడు అను తలంపును పెరిగినది. అంతకు ముందే యుండిన యీ యెక్కువతక్కువలు కాలువలతో పాటు ఊరూర పాఱినవి.

ఇక నీ తెలుపు ఎట్లు వచ్చెడిదో చెప్పవలెను. దంపుట యన నేమో యీనాటి చదువరులలో పెక్కుమంది చూచియుండరు. వడ్లు గాదెనుండి తీసి యెండబోసి, చల్లారిన పిదప రోటిలో పోసి, గింజలు చిందకుండ రోటిపై కుందెన యుంచి, ఇనుపపొన్ను వేసిన రోకలితో దంచవలెను. ఇద్దఱు స్త్రీలెదురెదురుగ నిలిచి మాఱి మాఱి పోటు వేయుదురు. ఒకతె రోకలి పైకి లేచునపుడు రెండవయామె రోకలి క్రిందికి దిగవలెను. లయ తప్పినచో రోకలికి రోకలి తగులును. ఆ లయను నిలుపుటకే సువ్వి పాటలు పుట్టినవి. తొలిదంపున పైపొట్టు విడిపోవును. చేటతో చెఱిగి ఊకను పోగొట్టి, మరల రోటిలో పోసి దంచినచో గింజమీది సన్ననిపొర రాలి తవుడగును. ఇచట ఆగినచో అది ఒంటిపట్టు బియ్యము, కొంచెము గోధుమవన్నెగా నుండును. అది పనివారికి. ఆగక మఱి రెండు పట్లు వేసినచో గింజ తెల్లనగును. అది యజమానునికి, అతిథికి, దేవునికి. పిదప జల్లెడ పట్టి నూకలు వేఱుచేసి, చేటతో నేమి, మిగిలిన వడ్లగింజలను రాళ్ళను ఏరవలెను.

అనగా బియ్యమెంత తెల్లనిదైన అంత యెక్కువ పని. తెలుపునకు మర్యాద యేల వచ్చినదో యిందుచేతనే తెలియును. అది కంటికింపైన రంగు మాత్రము కాదు. ఇతరుల భుజబలమును ఖర్చుపెట్టగలిగిన యింటికి గుర్తు. పేదయింట ఆ భుజములు ఆ యింటి కోడలివే. తెల్లవారుజామున లేచి, నాటికి వలసిన గింజలు దంచి, పిదప నీళ్ళు తెచ్చి, పొయ్యి రాజేసి, ఆమీదట పొలమునకు పోవలెను. కలిగినవారి యింట కూలికి వచ్చిన స్త్రీలు దంచెడివారు. కూలి నూకలుగనో తవుడుగనో ముట్టెడిది. దంపుళ్ళ పాటలను సేకరించిన పండితులకు మనము ఋణపడియున్నాము. కాని గర్భవతి కూడ రోకలి యెత్తవలసినదేనా, బాలింతరాలు ఎన్నవనాడు తిరిగి రోటికడ నిలిచినది యని వారిలో నెవరైన నడిగి వ్రాసికొనినట్లు మేము చూడలేదు.

దంపుతోనే కథ ముగియలేదు. బియ్యమును మూడు నీళ్ళు కడుగుట శుచి. కడుగు తేటపడినదాక చేతితో పులిమి కడుగుట మఱింత శుచి. పిదప మరిగిన యెసటిలో పోసి, ఉడికిన వెంటనే కుండపై సిబ్బి మూసి వంచి గంజి వార్తురు. గంజి వార్చిన యన్నము పొడిపొడిగా, తెల్లగా వచ్చును. తవుడు, చిట్టు, కడుగు, గంజి యన్నియు పెరటిలోని కుడితితొట్టిలో కలియును. పాడిగేదె వానిని త్రాగి నిగనిగలాడుచుండును. గంజిలో నుప్పు వేసికొని త్రాగువాడు దరిద్రుడని లోకము నవ్వినది. కడుగునో గంజినో పులియబెట్టిన తరవాణిలో చద్ది కలిపికొని తినువాడు మోటువాడు. ఇప్పటి శాస్త్రము ననుసరించి లెక్క చూచినచో, ఆ యింట అన్నిటికంటె సారమైన భాగము తొలుత గేదెకును, పిమ్మట పాలేరునకును, కట్టకడపట యజమానునికిని ముట్టెడిది. పప్పును పెరుగును పుష్కలముగా నుండుటచేత యజమానుడు బ్రదికిపోయెను. పప్పు లేని యింటివాడు బ్రదుకలేదు.

ఈ మాట మేము చమత్కారమునకు చెప్పుట లేదు. 1835లో మాల్కంసన్ అను చెన్నరాజధాని వైద్యుడు బెరిబెరి యను వ్యాధిని గూర్చి యొక గ్రంథమును ప్రకటించెను. ఆ వ్యాధికి ఉత్తరసర్కారులు, అనగా గంజాము మొదలు గుంటూరు వఱకు గల మన తీరదేశము, పేరుపడిన తావు. మొదట కాళ్ళు తిమ్మిరెక్కి బరువగును, పిక్కలు నొచ్చును, నడక తడబడును. కొందఱికి కాళ్ళును మొగమును ఉబ్బి, గుండె బలహీనమై, ఊపిరి సలుపక ప్రాణము పోవును. కారణము గాలి యనిరి, తేమ యనిరి, నేల యనిరి. ఇచట చదువరులొక విషయమును మఱవరాదు. 1835నాటికి మన సర్కారులలో బియ్యమాడించు ఆవిరిమర లేదు. ఉన్నది రోలు, రోకలి. కాబట్టి బెరిబెరి మరతో వచ్చినదనియు, దంపుడు బియ్యము తినినంతకాలము మనవారు సుఖముగా నుండిరనియు ఇటీవల ననేకులు చెప్పు మాట సరికాదు. చేతితోనైనను తెల్లబడునంతవఱకు దంచి, మూడు నీళ్ళు కడిగి, గంజి వార్చినచో ఫలితమొక్కటే. మర చేసినదేమన, కలవారి కష్టసాధ్యమైన తెలుపును అందఱికిని చౌకగా నందించినది.

వ్యాధికి కారణము మన దేశమున తెలియలేదు. జావా ద్వీపమున బయటపడినది. అచట బటేవియాలో డచ్చి వైద్యుడు ఐక్మన్ బెరిబెరికి సూక్ష్మజీవిని వెదకుచుండగా, ఆయన పెంచుచున్న కోళ్ళకే కాళ్ళు పడిపోయినవి. కొన్నాళ్ళకు వానియంతట అవియే కోలుకొనినవి. విచారింపగా తెలిసినదిది: ఆ నడుమ కోళ్ళకు సైనికుల యాసుపత్రిలో మిగిలిన తెల్లన్నము పెట్టుచుండిరి, వంటవాడు మాఱినాడు, క్రొత్తవాడు సైనికుల బియ్యము కోళ్ళకేల యని మాన్పించి, ముతకబియ్యము పెట్టించినాడు. ఒక వంటవాని పిసినితనము వైద్యశాస్త్రమునకు దారి చూపినది. పిమ్మట ఫోర్డర్మన్ అను నధికారి జావాలోని 101 చెఱసాలలలో దాదాపు 2,80,000 మంది ఖైదీల భోజనమును పరిశీలించెను. తెల్లబియ్యము తినినవారిలో 39 మందికి ఒకనికి బెరిబెరి. పొర తీయని బియ్యము తినినవారిలో 10,000 మందికి ఒకనికి. ఐనను ఐక్మన్ తెల్లబియ్యములో నేదో విషమున్నదనియు తవుడు దానికి విరుగుడనియు తలచెను. విషము లేదు, శరీరమునకు కావలసిన వస్తువు లోపించుటయే వ్యాధి యని 1901లో చెప్పినవాడు ఆయన తరువాత అచట పనిచేసిన గ్రైన్స్. ఐక్మన్‌కు 1929లో నోబెల్ బహుమానము వచ్చినది, గ్రైన్స్‌కు రాలేదు.

ఆ వస్తువునే యిప్పుడు బి-1 విటమిను, లేక థయమిన్ అందురు. అది గింజ నడుమ లేదు. పైపొరలోను, మొలకభాగములోను ఉన్నది. దంచినచో తవుడుతో పోవును. నీట కరగును గనుక మిగిలినది కడుగుతోను గంజితోను పోవును. శరీరము దానిని కొలదివారములకు మించి దాచుకొనజాలదు. అన్నమెక్కువ తినినకొలది దాని యక్కఱయు హెచ్చును. కావున కూర లేక యన్నముతోనే కడుపు నింపుకొనువానికి రెండువిధముల నష్టము. జొన్నను రాగిని పొరతో సహా విసరి వండుదురు గనుక సంగటి తినువాని కీ యాపద లేదు. అట్లని జొన్నను దేవతగా కొలువవలసిన పని లేదు. జొన్న తప్ప వేఱొకటి యెఱుగని దక్కను పేదలలో పెల్లాగ్రా యను చర్మవ్యాధి యుండుటను హైదరాబాదులోని శాస్త్రజ్ఞులు గోపాలన్, శ్రీకాంతయ్యగారలు పరిశీలించి 1960లో వ్రాసిరి. ఒక్క ధాన్యముపైననే ప్రాణము నిలుపుకొనవలసివచ్చుట యే దోషము. ధాన్యముల కులగోత్రములు కావు.

మన పొరుగునే యున్న విరుగుడును గూర్చి యిచట చెప్పవలెను. మలయాలో పనిచేయు తమిళకూలీలకు బెరిబెరి రాకుండుటయు, పచ్చిబియ్యము తిను చీనాకూలీలకు వచ్చుటయు చూచి బ్రాడన్ అను వైద్యుడు 1907లో నొక గ్రంథము వ్రాసెను. తమిళులు తినునది ఉప్పుడు బియ్యము. వడ్లను పొట్టుతోనే నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి, పిదప దంతురు. ఉడుకునపుడు పొరలోని సారము నీటితో పాటు గింజలోనికి దిగును. ఆపైన ఎంత దంచినను కొంత నిలుచును. తమిళులును మలయాళులును వంగదేశీయులును శాస్త్రమెఱుగకయే యీ పద్ధతిచే రక్షింపబడిరి. మన సర్కారులవారు మాత్రము పచ్చిబియ్యమునే పట్టుకొనిరి. ఉప్పుడు బియ్యమునకు వాసన యనిరి. ఒకమారు ఉడికినది గనుక మడికి పనికిరాదనిరి. ఒక మడుగు మాట యెంత దూరము పోవునో చూడుడు.

థయమిన్ కథలో మన నెల్లూరికిని చోటున్నది. దానిని తవుడునుండి వేఱుచేసి, నిర్మాణమును తేల్చి, 1936లో కృత్రిమముగ తయారుచేసిన అమెరికను రసాయనజ్ఞుడు రాబర్టు విలియమ్సు 1886లో నెల్లూరిలోనే పుట్టెను. తల్లిదండ్రులు బాప్టిస్టు మిషనరీలు. తరువాత మనీలాలో తవుడు సారముతో చావు మొగమున నున్న బెరిబెరి పసికందులు తేరుకొనుట ఆయన కన్నులార చూచెను. ఆపైన ఇరువదియైదేండ్ల కాలము దానినే వెంటాడెను. ఒక టన్ను తవుడు శోధించిన దొరకునది కొలది గ్రాములు. ఆ తవుడును మన నెల్లూరి యిండ్లలో మొలగొలుకుల బియ్యమును తెల్లగా దంచి కుడితితొట్టిలో పోయుచునే యుండిరి.

ఇంతలో మర వచ్చినది. ఇరువదవ శతాబ్ది తొలిదశకములలో గోదావరి, కృష్ణా జిల్లాలలో బియ్యపుమరలు వెలసి, క్రమక్రమముగా పల్లెలకును ప్రాకినవి. బండిమీద వడ్లబస్తా పోవును, బియ్యపుబస్తా వచ్చును. తెల్లవారుజాము రోకటిపోటు ఊళ్ళలో సన్నగిల్లినది. కూలికి దంచెడి నిరుపేద స్త్రీలకు జీవనము పోయినది. ఇది నిజమైన నష్టము, దీనిని తక్కువ చేసి చెప్పరాదు. కాని తమయింటి గింజలు తాము దంచుకొను లక్షలాది గృహిణులకు దినమునకు కొన్ని గంటల చెఱ వదలినది. ఆ గంటలలో కొన్ని ఆడుపిల్లల చదువునకు దక్కినవని మా నమ్మకము. పాట పోయినదని విచారించు పురుషులు తాము రోకలి పట్టినవారు కారు.

ఈ సందర్భముననే గాంధీమహాత్ముని ప్రబోధము వచ్చినది. 1934 డిసెంబరులో అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘము స్థాపింపబడి, వార్ధాలో దాని కేంద్రము వెలసినది. దంపుడు బియ్యము, గానుగనూనె, బెల్లము దాని ప్రధానప్రచారములలోనివి. మరబియ్యమున సారము లేదని మహాత్ముడు చెప్పినది శాస్త్రసమ్మతమే. ఆయన తన యాశ్రమములో పురుషులచేతను తిరుగలి త్రిప్పించెను, తానును త్రిప్పెను. ఆయన మాటకు నాణెమున్నది. మన పట్టణములలో ఆ మాటను చిలుకపలుకులుగా వల్లించినవారి సంగతి వేఱు. వారి యిండ్లలో దంపుడు బియ్యమన్న, దంచునది భార్యయో పనికత్తెయో. ఒక సంస్కారము స్త్రీ నెత్తిన రోకలి మోపక మగవాని యారోగ్యమును కాపాడజాలకున్నచో, అది సంస్కారము కాదు, పాతబరువునకు క్రొత్తపేరు. మరనే కొంచెము ముందుగా ఆపి, పొర పూర్తిగా పోకుండ ఆడింపవచ్చును గదా. ఆ మాట మిల్లు యజమానునితో చెప్పవలసినది, చెప్పుట కష్టము. ఇల్లాలితో చెప్పుట సులువు.

ఇప్పుడు మా కథలో నన్నిటికంటె బాధాకరమైన భాగము. 1918లో కూనూరులో నొక గదిలో బెరిబెరి పరిశోధన మొదలైనది. మెకారిసన్ దొర నడపిన యా శాఖ క్రమముగా పెరిగి పోషకాహార పరిశోధనశాల యైనది. ఆయన తరువాత దానికి పెద్దయైన ఐక్రాయిడ్ తన సహచరులతో కలిసి 1940లో భారతదేశపు బియ్యపు సమస్యను గూర్చి యొక గ్రంథమును ప్రకటించెను. మరునాడే యన్నట్లు 1941లో ఐక్రాయిడును కృష్ణనును చెన్నరాజధానిలోని బెరిబెరి ప్రాంతపు శిశుమరణములను పరిశీలించి వ్రాసిరి. ఆ ప్రాంతమన మన సర్కారు జిల్లాలే. తల్లికి థయమిన్ కొఱవడినపుడు ఆమె పాలలోను కొఱవడును. తల్లి పైకి ఆరోగ్యముగనే కనుపించుచుండగా, రెండు మొదలు అయిదు నెలల నడుమ బిడ్డ పాలు కక్కును, గొంతు రాసి యేడ్పు వినరాక పోవును, గుండె యాగి గంటలలో ప్రాణము పోవును. మందు పడినచో అదే గంటలలో తేరుకొనును. ఎందఱు తల్లులు దిష్టి యనుకొనిరో, బాలగ్రహమనుకొనిరో, పురుటిదోసమనుకొని తమ్మునే నిందించుకొనిరో!

పాలిచ్చు తల్లికి ఆ కొఱత ఏల వచ్చెను? మా పాఠకసోదరీమణులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. చాల యిండ్లలో బాలింతరాలికి పథ్యమన పాతబియ్యపు తెల్లన్నము, కారప్పొడి, కొంచెము నేయి. పప్పు వాతమని, కూర చలువయని, పులుసు పనికిరాదని తీసివేయుదురు. పథ్యము ముగిసిన తరువాత ఆమె యందఱికిని వడ్డించి కడపట కూర్చుండును. మామగారు, మగడు, మఱదులు, పిల్లలు తినిన పిమ్మట అన్నము మిగులును; పప్పుగిన్నె యడుగంటియుండును. పచ్చడిముద్దతో ముగించును. తెల్లన్నపు కొఱతను పూరించు పప్పు, కూర, పెరుగు ఎవరికి కావలెనో వారి వంతు వచ్చునప్పటికి ఉండవు. బెరిబెరికి కారణము బియ్యములోనున్నదని జావాలో కనుగొనిరి. మన యింట కారణములో సగము వడ్డనవరుసలో నున్నది. ఈ సంగతిని ఏ ప్రయోగశాలయు చెప్పకున్నను కోడండ్రందఱు నెఱుగుదురు.

విరుగుడు కష్టమైనది కాదు. బియ్యము ఒక నీటితో కడిగి, కొలతగా ఎసరు పెట్టి, గంజి వార్చకుండ ఇగిర్చినచో చాలవఱకు సారము నిలుచును. మన భాషలో దీనికి అత్తెసరు అను చక్కని మాట ముందే యున్నది. కాని అత్తెసరు వండుట కొద్దిమంది యింటిలో తొందరపు వంటగా నెంచబడెను. కట్టెపొయ్యి మీద పెద్దకుండకు కొలత తప్పినచో అన్నము మాడును, లేదా ముద్దయగును, మాట పడవలసినది వండిన యామె. పత్రికలలో ఎన్ని వ్యాసములు వచ్చినను గంజి వార్చుట ఆగలేదు. ఆపినది ప్రెషరుకుక్కరు. 1960 తరువాత అది మధ్యతరగతి యిండ్లలోనికి వచ్చినది. అందులో అత్తెసరు తప్ప వేఱు దారి లేదు. ఎవరును ఉపన్యసింపలేదు, ఎవరును శపథము పట్టలేదు, సిబ్బి అటకయెక్కినది. పప్పును కూరయు పలువురికి అందుబాటునకు వచ్చుటయు, మందులును దోడై, సర్కారుల బెరిబెరి క్రమముగా తగ్గిపోయినది. కూనూరులోని పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహారసంస్థ యను పేరు పొందినది. అది మన జిల్లాల వ్యాధికొఱకు పుట్టిన సంస్థలలో నొకటియని దాని గోడప్రక్కనుండి పోవువారిలో నెందఱికి తెలియును?

తెలుపుపై మోజు మాత్రము తగ్గలేదు. 1983లో రెండురూపాయలకు కిలో బియ్యమిచ్చు పథకము వచ్చి పేదవాని యాకలి తీర్చినది. అందుతోనే మెట్టసీమల జొన్నరొట్టె వెనుకకు తగ్గినది. 1986లో బాపట్ల పరిశోధనాస్థానమునుండి సాంబమసూరి వచ్చి సన్నబియ్యమునకు పేరైనది. దంచిన చేతికి నొప్పి లేనపుడు తెలుపునకు హద్దెవరు పెట్టుదురు? మర ఎంత మెఱుగు పెట్టిన అంత ధర. మఱొక విచిత్రము: తెలంగాణములో వేసవిపంట వడ్లు పచ్చిగా ఆడించినచో నూకయగునని మిల్లులలో ఉప్పుడు బియ్యముగా చేయుదురు. 2021–22లో దానిని కొనము పొమ్మని కేంద్రమును, కొనవలెనని రాష్ట్రమును పెద్ద తగవులాడినవి. మన నేల పండించి మన మరలు ఉడికించిన ఆ బియ్యమును తినుదమను మాట ఆ తగవులో ఇరుపక్షములవారి నోటను ప్రధానముగా రాలేదు.

2021 ఆగస్టులో కేంద్రప్రభుత్వము చౌకదుకాణముల బియ్యమును బలవర్ధకము చేసి యిత్తుమని ప్రకటించినది. ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి-12 కలిపిన పిండితో బియ్యపుగింజల రూపున గింజలు చేసి, నూటికి ఒక పాలుగా మామూలు బియ్యములో కలుపుదురు. ఫోలిక్ ఆమ్లమును 1945లో కృత్రిమముగా తయారుచేసిన అమెరికా పరిశోధకబృందమునకు నాయకుడు భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. అదియు నెల్లూరి విలియమ్సు కథవలె మన యింటికి చుట్టుతిరిగి వచ్చినదే. ఆ గింజలు తక్కినవానికంటె కొంచెము పసుపువన్నెగా నుండి, కడుగునపుడు నీటిపై తేలును. అవి ఏమో, ఏల కలిపిరో బియ్యము కొలిచి యిచ్చువాడు చెప్పడు. సంచిపైని యక్షరములు చదువువారు లేరు. తెల్లని గింజలలో వేఱువన్నె గింజ కనబడినచో ఏరివేయవలెనని తరతరములుగా నేర్చిన చేతులవి. అందుచేత పలు గ్రామములలో స్త్రీలు వానిని ప్లాస్టిక్కు బియ్యమని తలచి, చేటలో పోసి యొక్కొక్కటిగా ఏరి అవతల పాఱవేసిరని పత్రికలలో వచ్చినది.